వానలకు ముందు కేకే లైను: పట్టాల పని ముందా, కాలువల పని ముందా?

కొండవాలు
ఘాట్ కింద సైడింగుల్లో పసుపు యంత్రాలు బారులు తీరాయి. స్లీపర్ల కింద కంకర కూరి బిగించే (ప్యాకింగ్) ట్యాంపింగ్ యంత్రం, కంకర జల్లెడ పట్టే యంత్రం, వాటి వెనుక సిబ్బంది ఉండే పెట్టెలు. కొత్తవలస – కిరండూల్ (కేకే) మార్గం గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా బొర్రా గుహలు, సొరంగాలు, అద్దాల పెట్టె దగ్గరే ఆగిపోతాం. కానీ ఈ దారి పుట్టింది పర్యాటకుల కోసం కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960లలో వేశారు. సుమారు 445 కిలోమీటర్లు. ఇప్పటికీ దీని ప్రాణం గూడ్స్ బళ్లలోనే ఉంది.

నా ప్రశ్న ఒకటే. జూన్ రెండో వారానికల్లా నైరుతి వచ్చేస్తుంది. ఇంత తక్కువ వ్యవధిలో కంకర తవ్వి, పట్టాలు మార్చి, దారిని కదిలించడం మంచిదేనా? లేక ఆ మనుషులనూ ఆ సమయాన్నీ కాలువలకు, కొండచరియలకు పెట్టాలా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

పీవే_విశ్రాంతి
మంచి ప్రశ్న వేశారు. పట్టాలు, కంకర చూసుకునే పర్మనెంట్ వే విభాగంలో పని చేసి రిటైరయ్యాను. నేను చూసిన సెక్షన్లలో ఘాట్‌లూ ఉన్నాయి, మైదానాలూ ఉన్నాయి.

రైల్వేలో దారి మరమ్మతు చేసే గ్యాంగుకు ఏడాది మూడు భాగాలు. వానలు వెళ్లాక ఆరు నెలలు దారిని తిరిగి ఒక రూపానికి తెచ్చే కాలం. వానకు నానిన కట్టలు కుంగి, పట్టాల మట్టం చెడి ఉంటుంది. అసలు ప్యాకింగ్, ఓవర్‌హాలింగ్, ఫిష్‌ప్లేట్లు (పట్టాలను కలిపే పలకలు) విప్పి గ్రీజు పెట్టడం, ఇవన్నీ అప్పుడే. గ్రీజు పనికి అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకే గడువు. ఎండలో జాయింటు విప్పకూడదు. తరువాత వానలకు ముందు రెండు నెలలు. ఆ రెండు నెలల్లో వారానికి రెండు నుంచి నాలుగు రోజులు కాలువలకు, కట్టల మరమ్మతుకు, వంతెనల కింద నీటి దారికి కేటాయించాలి. మిగిలిన రోజులే పట్టాలకు. ఆపైన నాలుగు నెలల వానాకాలంలో ఎక్కడ దారి పాడైతే అక్కడ సరిచేయడం, రాత్రి గస్తీ.

అంటే మీ ప్రశ్నకు జవాబు పనుల పట్టికలోనే ఉంది. వేసవి చివర కాలువలదే. పట్టాల పెద్ద పనులు ఫిబ్రవరి, మార్చిలోగా ముగియాలి. యంత్రాలు మే నెలలో ఇంకా తవ్వుతున్నాయంటే ఎక్కడో బ్లాకులు (బళ్లు ఆపి దారిని పనికి ఇచ్చే సమయం) దొరకక పని వెనకబడిందని అర్థం.

కంట్రోలు_మేజ
బ్లాకు దొరకలేదని తేల్చేయడం సులువు. బళ్లు నడిపే కంట్రోలు వైపు నుంచి కూడా చూడండి. చాలా చోట్ల ఇంకా ఒంటి దారి. ఖనిజంతో దిగే రేకులు (వ్యాగన్ల బారులు), ఖాళీగా ఎక్కే రేకులు ఒకదానికొకటి స్టేషన్లలో తప్పుకోవాలి. మూడు గంటలు దారి మూసేస్తే ఆ మూడు గంటల బళ్లే కాదు, వెనక స్టేషన్లలో లూపులు (బళ్లు పక్కకు నిలిపే దారులు) నిండిపోయి సాయంత్రం దాకా చిక్కు విడదు. లోడింగు చోట ఖాళీ రేకు అందకపోతే అక్కడ పని ఆగుతుంది. ఓడరేవులో ఓడ ఎదురు చూస్తుంది. మాకు ప్రతి గంటకూ జవాబు చెప్పాల్సిన వాళ్లు ఉంటారు.

నా మటుకు అసలు పరిష్కారం రెండో దారి. కొత్తవలస – కోరాపుట్ డబ్లింగ్, సుమారు 189 కిలోమీటర్లు, పూర్తయితే ఒక దారి మీద బళ్లు నడిపి ఇంకో దారిని ఇంజినీర్లకు ఇవ్వవచ్చు. అప్పుడు ఈ వాదన ఉండదు.

సివిల్_మూడో_ఏడు
« ఆ రెండు నెలల్లో వారానికి రెండు నుంచి నాలుగు రోజులు కాలువలకు »

నేను సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థిని. రైల్వే ఇంజినీరింగ్ పుస్తకంలో కాలువల గురించి ఒక పేజీ, పట్టాల గురించి యాభై పేజీలు ఉన్నాయి. అందుకే అడుగుతున్నాను. ఘాట్ మొత్తం మీటరుకు 60 కిలోల పట్టాలు వేసి, అతుకులు లేకుండా పొడవుగా వెల్డింగ్ చేస్తే సగం నిర్వహణ పోతుంది కదా? అలా ఎందుకు చేయరు?

పీవే_విశ్రాంతి
చేయలేకే, బాబూ. లెక్క చెబుతాను, నీకు పనికొస్తుంది.

60 కిలోల పట్టా కోత వైశాల్యం సుమారు 76.9 చదరపు సెంటీమీటర్లు. వేడికి సాగనివ్వకుండా పట్టి ఉంచితే ఒక్కో డిగ్రీకి ఒక్కో పట్టాలో దాదాపు 1.9 టన్నుల బలం పుడుతుంది. పట్టాను బిగించిన ఉష్ణోగ్రత కంటే 20 డిగ్రీలు పెరిగితే 38 టన్నులు. రెండు పట్టాలకు 76. గాలిలో 42 డిగ్రీలు ఉన్న రోజు పట్టా ఉక్కు 60 దాటుతుంది. ఆ బలాన్ని పక్కకు పోనివ్వకుండా ఆపేది స్లీపర్ల చివర భుజంగా పోసిన కంకరే. తిన్నని దారిలో అది చాలు. వంపులో ఆ బలం పట్టాను బయటికి నెడుతూనే ఉంటుంది, వంపు బిగిసేకొద్దీ ఇంకా ఎక్కువ.

కేకే ఘాట్‌లో 8 డిగ్రీల వంపులు ఉన్నాయి. అంటే వ్యాసార్ధం సుమారు 219 మీటర్లు. వాలు 60కి 1. నేను ఉద్యోగంలో ఉన్న కాలపు నియమావళి 440 మీటర్ల కంటే బిగువైన వంపుల్లో, 100కి 1 కంటే నిటారు వాలులో పొడవు వెల్డింగు పట్టాలు వద్దని గీత గీసింది. అందుకే అక్కడ అతుకులు ఉంటాయి. అతుకు ఉన్న చోట చక్రం దెబ్బ ఉంటుంది. దెబ్బ ఉన్న చోట స్లీపరు కింద కంకర నలిగి పొడి అవుతుంది. ఆ పొడి మీద నీళ్లు నిలిస్తే బురద పైకి చిమ్ముతుంది. ఇప్పుడు నీ పుస్తకంలోని ఆ ఒక్క పేజీ దగ్గరికి వచ్చాం.

20 మీటర్ల తాడు పట్టి వంపు మధ్యలో కొలిస్తే 8 డిగ్రీల వంపుకు వెర్సైను (తాడు మధ్య నుంచి పట్టాకు దూరం) 228 మిల్లీమీటర్లు రావాలి. నాలుగు వానలు పడ్డాక ఇదే కొలత తీసి చూడు. పక్కపక్క కొలత గుర్తుల మధ్య అంకెలు ఎగుడుదిగుడు అయితే కంకర పట్టు వదిలిందని తెలుస్తుంది.

లోకో_దిగుడు
ఘాట్‌లో ఖనిజం రేకులు దింపుతాను. పట్టా పరిస్థితి మాకు సీటులోనే తెలుస్తుంది, ఎవరూ చెప్పక్కరలేదు.

యంత్రం తవ్విన చోట 20 కిలోమీటర్ల వేగమని కాషన్ ఆర్డర్ ఇస్తారు. కాగితం మీద అది చిన్న విషయం. శిమిలిగూడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి నిండు రేకుతో దిగేటప్పుడు వేగాన్ని ఒక చోట 20కి తేవాలంటే చాలా ముందు నుంచే బ్రేకు పట్టాలి. తీసిన గాలి మళ్లీ గొట్టంలో నిండడానికి సమయం పడుతుంది. నిండకముందే ఇంకో కాషన్ వస్తే మళ్లీ బ్రేకు పట్టాలి, చేతిలో ఉన్న గాలి తక్కువ. రెండు కాషన్లు దగ్గర దగ్గరగా పెట్టే ముందు మా వైపు నుంచి కూడా ఆలోచించమని కోరుతున్నాను.

ఎక్కే ఖాళీ రేకుకు వేరే ఇబ్బంది. వాలు మధ్యలో వేగం తగ్గిస్తే మళ్లీ అందుకోవడం కష్టం. తడి పట్టా మీద చక్రం జారుతుంది, ఇసుక వేస్తాం. ఆ ఇసుక ఎక్కడికి పోతుంది? కంకరలోకే.

మేటు_కొడుకు
ఇసుక ఒక్కటే కాదు సార్. ఖనిజం ధూళి కూడా. వ్యాగన్ల సందుల్లోంచి రాలుతుంది, గాలికి ఎగురుతుంది. మా నాన్న గ్యాంగు మేటుగా చేశారు, నేను ట్రాక్ మెయింటెయినర్‌ని. కటింగుల్లో (కొండను కోసి దారి వేసిన చోట్ల) కంకర ఎర్రగా గట్టిపడి గునపం దిగదు. చేత్తో రాయి తీస్తే రెండు మూడు రాళ్లు అంటుకుని ఒకే ముద్దగా వస్తాయి. అలాంటి చోట నీరు కిందికి ఇంకదు. వాన పడిన అరగంటకు స్లీపరు పక్కన తెల్లని నురగతో బురద పైకి వస్తుంది. బండి వెళ్తుంటే స్లీపరు లేచి పడుతుంది, చూస్తే మనసు ఆగదు.

కొండవాలు
అంటే కంకర జల్లెడ పట్టడం అవసరమే కదా? అలాంటప్పుడు పసుపు యంత్రాలు రావడం మంచిదే అనిపిస్తోంది.

పీవే_విశ్రాంతి
అవసరమే. ఎవరూ వద్దనరు. పదేళ్లకోసారైనా స్లీపరు కింద కంకర మొత్తం తవ్వి, జల్లించి, మంచి రాయిని తిరిగి వేయాలి. రాయి 65 మిల్లీమీటర్ల నుంచి 20 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, స్లీపరు కింద కనీసం 250 నుంచి 300 మిల్లీమీటర్ల మందం ఉండాలి. నా పట్టింపు అంతా ఎప్పుడు, ఎలా అన్నదే.

ఆ యంత్రం ఎలా పని చేస్తుందో చాలామంది చూసి ఉండరు. బ్లాకు మొదలుకాకముందే గ్యాంగు వెళ్లి ఒక చోట స్లీపర్ల మధ్య అడ్డంగా గోతి తవ్వుతుంది. యంత్రం అక్కడ ఆగి, పట్టాల కిందుగా ఒక ఇనుప కడ్డీని దూర్చి, దాని చుట్టూ పళ్ల గొలుసును కలుపుతుంది. ఈ కలపడానికే చాలా సమయం పోతుంది, ముగించేటప్పుడు విప్పడానికీ అంతే. మధ్యలో మిగిలిన సమయంలో గంటకు 150, 200 మీటర్లు నడుస్తుంది. అందుకే గంటన్నర బ్లాకు ఇస్తే అది బ్లాకే కాదు. సిద్ధమయ్యేలోపే లేవాలి.

ఇక అసలు సంగతి. జల్లెడలోంచి వచ్చిన మట్టిని యంత్రం ఒక పొడవాటి పట్టీ మీదుగా పక్కకు విసిరేస్తుంది. కట్ట మీద అయితే వాలులో పడుతుంది, ఫరవాలేదు. ఘాట్‌లో కటింగు. రెండు పక్కలా కొండ. ఆ మట్టి ఎక్కడ పడుతుంది? నేరుగా పక్క కాలువలో. దారిని బాగు చేశామనుకుంటూనే నీటి దారిని మూసేశాం. మట్టిని మోసుకెళ్లే వ్యాగన్లు జత చేస్తే ఈ బాధ ఉండదు, కానీ అవి ప్రతి యంత్రానికీ రావు. మే నెలాఖర్లో జల్లించి, జూన్‌లో కాలువ తీద్దామనుకుంటే మొదటి వాన ఆ లెక్కను ఒప్పుకోదు.

నేను పని చేసిన ఒక సెక్షన్‌లో, పేరు చెప్పను, సరిగ్గా ఇదే జరిగింది. కటింగులో మట్టి కుప్పలు ఎత్తలేదు. తొలి పెద్ద వానకు కాలువ నిండి నీరు కొత్త కంకర మీదుగా పారింది. కంకర అడుగున ఉన్న మట్టి మెత్తబడి స్లీపర్లు ఒక వైపు దిగిపోయాయి. అదృష్టం కొద్దీ రోజూ దారి నడిచి చూసే కీమన్ ఉదయం నడకలోనే చూశాడు.

కంట్రోలు_మేజ
ఈ విషయం మాకు ఎవరూ చెప్పలేదు. బ్లాకు అడిగేటప్పుడు పత్రంలో «డీప్ స్క్రీనింగ్, ఇన్ని గంటలు» అని వస్తుంది. మట్టి ఎత్తడానికి విడిగా ఇంకో బ్లాకు కావాలని అదే పత్రంలో కలిపి రాస్తే రెండూ ఒకేసారి పట్టికలో పెట్టడానికి వీలుంటుంది. తరువాత విడిగా వస్తే అది కొత్త కోరిక అవుతుంది, వరుసలో చివరికి పోతుంది.

మేటు_కొడుకు
కాలువలంటే పట్టా పక్కన ఉన్నవే అనుకుంటున్నారు చాలామంది. అసలైనవి కొండ మీద ఉంటాయి. కటింగు అంచుకు పైన, కొండ నీటిని పట్టి పక్కకు మళ్లించే క్యాచ్ వాటర్ డ్రెయిన్లు. బండిలోంచి చూస్తే అవి కనిపించవు, ట్రాలీ మీద వచ్చే అధికారికీ కనిపించవు. ఎక్కి చూడాలి. వేసవిలో ఆకులు, చిన్న రాళ్లు, పుట్టమన్ను, వాటితో సగం పూడిపోయి ఉంటాయి. అంచుల్లో వేర్లు దూరి పగుళ్లు తీస్తాయి. ఆ పగుళ్లు మూయకుండా లోపలి మట్టి మాత్రమే తీస్తే నీరు కాలువలోంచి కొండ లోపలికే దిగుతుంది. అది మరీ ప్రమాదం.

మా నాన్న ఒకటి నేర్పారు. జోరు వాన పడుతుండగా పై కాలువ పారుతుంటే భయపడకు. పారుతూ పారుతూ ఒక్కసారిగా సన్నబడితే అక్కడే ఆగు. వాన తగ్గలేదు, నీరు తగ్గింది, అంటే నీరు ఇంకో దారి వెతుక్కుంది. రిటైనింగ్ గోడ రంధ్రాలు కూడా అంతే. వానలో కారాలి. కారకపోతే గోడ వెనక నీరు చేరుతోందని అర్థం.

సివిల్_మూడో_ఏడు
ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు. కరెంటు స్తంభం వాలడం కూడా కొండ కదులుతున్న సూచన అవుతుందా?

మేటు_కొడుకు
అవుతుంది. చెట్లు ఒకే వైపు ఒరగడం, కాలువ గోడలో కొత్త పగులు, నిన్నటి దాకా తేటగా వచ్చిన ఊటలో ఈ రోజు మట్టి రంగు, ఇవన్నీ చూసుకోవాలి. ఊట రంగు మారితే మేము కాసేపు అక్కడే నిలబడతాం.

లోకో_దిగుడు
రాత్రి గస్తీ గురించి కూడా రాయండి. మలుపు తిరగగానే దీపం చూపే మనిషి కనిపిస్తే క్యాబులో ఇద్దరికీ ఎంత నిబ్బరమో మాటల్లో చెప్పలేను.

మేటు_కొడుకు
చేతిలో దీపం, టార్చి, విజిలు, భుజానికి సంచిలో డిటోనేటర్లు (చక్రం ఎక్కగానే పేలి డ్రైవరును హెచ్చరించేవి), గస్తీ పుస్తకం. బీటు (మన గస్తీ దూరం) చివర పక్క బీటు మనిషితో పుస్తకం మార్చుకోవాలి. అతను రాకపోతే అతని బీటులోకి మనమే నడుచుకుంటూ వెళ్లాలి. దారి తెగిందని చూస్తే ముందు బండి వచ్చే వైపుకు ఎర్ర దీపం చూపిస్తూ పరుగెత్తాలి. 600 మీటర్ల దగ్గర ఒక డిటోనేటరు, 1200 మీటర్ల దగ్గర పది మీటర్ల ఎడంతో మూడు. సొరంగాల మధ్య ఇది తేలిక కాదు. లోపల బండి శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో తెలియదు. గోడలో మనుషులు తప్పుకోవడానికి వదిలిన గూళ్లు ఎక్కడున్నాయో లెక్కపెట్టుకుంటూ నడవాలి.

వానాకాలం గస్తీని తేదీ చూసి ఆపేయకూడదని నా అభిప్రాయం. ఉత్తరాంధ్ర తీరానికి తుపానులు అక్టోబరులో కూడా వస్తాయి. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. నాలుగు నెలల వానకు నానిన కొండ మీద ఆ వాన పడుతుంది.

కంట్రోలు_మేజ
డబ్లింగ్ మాట మళ్లీ ఎత్తుతాను, ఎవరూ పట్టించుకోలేదు. రెండో దారి వస్తే బ్లాకులు దొరుకుతాయా, దొరకవా?

పీవే_విశ్రాంతి
దొరుకుతాయి, అందులో సందేహం లేదు. కానీ డబ్లింగ్ జరుగుతున్న కాలాన్ని కూడా లెక్కలో వేసుకోండి. పాత దారి పక్కనే కొండను కొత్తగా కోస్తారు. అరవై ఏళ్లుగా నిలదొక్కుకున్న వాలు అది. గడ్డి, పొదలు, వేర్లు పోయి పచ్చి మట్టి బయటపడుతుంది. ఆ వాలు మళ్లీ కుదుటపడేవరకు పై కాలువలు, అడుగు గోడలు, రాళ్లను పట్టే ఇనుప వలలు కోతతో పాటే పూర్తి కావాలి. ముందు దారి వేసి తరువాత కాలువ అంటే కొత్త దారితో పాటు పాత దారీ మునుగుతుంది.

పట్టాల మెరుగుదలనూ తక్కువ చేయను. బిగువైన వంపుల్లో బయటి పట్టా పక్కభాగం చక్రాల అంచుకు ఒరుసుకుని త్వరగా అరుగుతుంది. తల గట్టిపరచిన పట్టాలు అక్కడ వేస్తే తేడా కళ్లకు కనిపిస్తుంది. పట్టా పక్కన గ్రీజు, బిగువైన వంపుల్లో లోపలి పట్టాకు చెక్ రైలు (చక్రం తప్పకుండా కాపుగా వేసే పట్టా), ఇవి తప్పనిసరి. నిండు బళ్లు దిగుతూ బ్రేకు పట్టేకొద్దీ పట్టాలు కిందికి జరుగుతుంటాయి, 150 మిల్లీమీటర్లు మించితే వెనక్కి లాగాలి. సొరంగాల్లో ఎండ దెబ్బ లేదు గానీ ఊట నీటికి లైనరు (పట్టాకు, క్లిప్పుకు మధ్య బిళ్ల) కింద పట్టా పాదం తుప్పు పడుతుంది. పైనుంచి మెరుస్తూనే ఉంటుంది, క్లిప్పు తీసి చూస్తే గాని తెలియదు. చలికాలం తెల్లవారుజామున పట్టా విరిగేది ఇలాంటి చోట్లే, లేదా పాత వెల్డింగు దగ్గర. అందుకే పట్టా లోపలి పగుళ్లు పట్టే అల్ట్రాసోనిక్ పరీక్షను నెలల లెక్కన కాక పైనుంచి పోయిన బరువు లెక్కన చేస్తారు. ఖనిజం దారిలో ఆ లెక్క తొందరగా నిండుతుంది.

ఇవన్నీ కావాలి. చేతిలో ఉన్న మే నెలలో ఏది ముందంటే మాత్రం కాలువ. జల్లెడ యంత్రం మిగిలిన పనిని అక్టోబరు తరువాతకు వాయిదా వేయండి, ఇప్పటికే తవ్విన చోట మట్టి మొత్తం ఎత్తండి. తవ్వి సగంలో ఉన్న దారితో వానల్లోకి వెళ్లడం కంటే పాత మురికి కంకరతో, తెరిచిన కాలువతో వెళ్లడం మేలు.

లోకో_దిగుడు
ఈ మాటకు నా మద్దతు. పాత కంకర మీద 30లో వెళ్లమన్నా వెళ్తాను.

కొండవాలు
కాలేజీ వాళ్లకు ఘాట్ కింద ఒక శిక్షణ అవకాశం ఉందని విన్నాను. సివిల్_మూడో_ఏడు, మీరు ప్రయత్నిస్తున్నారా?

సివిల్_మూడో_ఏడు
అవునండీ, అనుమతి వచ్చింది. ఇంజినీరు గారితో పాటు నడవవచ్చన్నారు. నేను ముందుగా ఏం చూడాలి? ఏం కొలవాలి?

పీవే_విశ్రాంతి
కొలతలు తరువాత. ముందు యంత్రం వెళ్లిన కటింగులను ఒకవైపు నుంచి ఇంకోవైపుకు పక్క కాలువ వెంట నడువు, పట్టాల మధ్య కాదు. కాలువ అడుగు ఎక్కడ కనిపించదో కిలోమీటరు రాయి, స్తంభం నంబరు రాసుకో. తరువాత వంతెన స్తంభాల మీద పాత వరద గుర్తులు చూడు, కింద నీటి దారిలో ఎంత మేట ఉందో చూడు. స్టేషన్లలో వానలకని పోగు చేసిన బండరాళ్లు, ఇసుక బస్తాలు వ్యాగన్లలో ఎక్కించి సిద్ధంగా ఉన్నాయా, లేక నేల మీదే ఉన్నాయా అడుగు. దారి తెగిన రాత్రి నేల మీద ఉన్న రాళ్లను ఎక్కించేసరికి తెల్లవారుతుంది.

మేటు_కొడుకు
పై కాలువలకు ఎక్కాలంటే మా గ్యాంగుతో రండి తమ్ముడూ, ఒంటరిగా వద్దు. ఉదయం ఎండ ముదరకముందే ఎక్కుతాం. బూట్లు గట్టివి వేసుకోండి, చేతికి ఒక కర్ర తెచ్చుకోండి, ఆకుల కింద పాములుంటాయి. కాలువలో ఎక్కడ పగులు కనిపించినా సున్నంతో గుర్తు పెడతాం. సిమెంటు మోసుకొచ్చే వాళ్లు ఆ గుర్తులు చూసుకునే వస్తారు.

కంట్రోలు_మేజ
ఆ కిలోమీటరు నంబర్ల జాబితా మీ ఇంజినీరు గారి ద్వారా మాకూ పంపించండి. మట్టి ఎత్తడానికి ఏ రెండు స్టేషన్ల మధ్య ఎంత సమయం కావాలో తెలిస్తే, ఖాళీ రేకులు పల్చగా ఉండే పూట చూసి ఒకే బ్లాకులో రెండు మూడు కటింగులు సర్దడానికి ప్రయత్నిస్తాను.